మెట్ల లెక్కలో దాగిన పెట్టె

జియోక్యాషింగ్ అనేది ఉపగ్రహాల సాయంతో ఆడే నిధివేట. ఒకరు చిన్న డబ్బాను పార్కులోనో అడవి బాట పక్కనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ప్రకటిస్తారు. మిగిలినవారు చేతిలోని జీపీఎస్ పరికరంతోనో ఫోనుతోనో అక్కడికి చేరి, డబ్బాను వెతికి పట్టుకొని, లోపలి చిట్టా పుస్తకంలో పేరు రాసి, దానిని ఉన్నచోటనే తిరిగి పెట్టి వస్తారు. దొరికేది చాలాసార్లు ఒక కాగితం చుట్ట, కొన్ని చిల్లర బొమ్మలు మాత్రమే. అయినా ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి డబ్బాలు 30 లక్షలకు పైగా ఉన్నాయంటే, ఆటగాళ్లను నడిపించేది డబ్బాలోని సరుకు కాదని, దానిని చేరుకొనే దారి అని తెలుస్తుంది. ఆ దారిని మరింత జటిలం చేయడానికి పెట్టె దాచేవారు వాడుకొనే విద్యలు అనేకం ఉండగా, వాటిలో తక్కువగా చర్చకు వచ్చేది, లోతు మాత్రం ఎక్కువగా ఉన్నది, ఇల్లు కట్టే విద్య.

ఈ ఆట పుట్టుకకు కచ్చితమైన తేదీ ఉంది. పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం భద్రతా కారణాలతో కావాలనే కొంత తప్పు కలుపుతూ ఉండేది; అందువల్ల సాధారణ పరికరం చూపే చోటు అసలు చోటికి 100 మీటర్ల దాకా ఎడంగా ఉండేది. 2000 మే 1న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ కల్తీకి స్వస్తి చెప్పగా, మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరానికి చేరువలో, బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్టును దాచి దాని స్థానాన్ని ఇంటర్నెట్‌లో ప్రకటించారు. కొద్దిరోజులకే ఇతరులు దానిని కనుగొన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ 75 పెట్టెల జాబితాతో ప్రారంభించిన వెబ్‌సైటు క్రమంగా ఈ ఆటకు కేంద్రస్థానమైంది. దానిని నడిపే సంస్థ ఇప్పటికీ సియాటిల్ నుంచే పనిచేస్తున్నది.

పెట్టెలు ఎన్నో రకాలు. చోటు నేరుగా చెప్పేసేవి కొన్ని, ఒక చోటి నుంచి మరో చోటికి మజిలీలుగా తిప్పేవి మరికొన్ని కాగా, పటం మీద నీలిరంగు ప్రశ్నార్థకం గుర్తుతో కనిపించే వాటిని మిస్టరీ క్యాష్‌లు అంటారు. వీటి విషయంలో ప్రకటించిన అక్షాంశ రేఖాంశాలు ఉత్తుత్తివి. అసలు పెట్టె అక్కడికి సాధారణంగా 2 మైళ్ల లోపు, అంటే సుమారు 3.2 కిలోమీటర్ల లోపు ఎక్కడో ఉంటుంది, ఆ ఎక్కడో ఏమిటన్నది పొడుపుకథ విప్పితేనే తేలుతుంది. ఈ ఆటలో స్థానాన్ని డిగ్రీలుగా, నిమిషాలుగా, నిమిషం తరువాత మూడు దశాంశ స్థానాలుగా రాయడం ఆచారం. డిగ్రీలు ఊరి పరిధిలో చాలావరకు మారవు, నిమిషాలను నేరుగా చెప్పేయవచ్చు, కనుక దాచేవారు దాచిపెట్టవలసింది ప్రధానంగా అక్షాంశానికి మూడు, రేఖాంశానికి మూడు, మొత్తం ఆరు అంకెలు. అక్షాంశంలో చివరి అంకె ఒకటి మారితే నేల మీద 1.85 మీటర్లు జరిగినట్లు. రేఖాంశంలో ఆ దూరం భూమధ్యరేఖ నుంచి ఎడమయ్యేకొద్దీ తగ్గుతూ, 45 డిగ్రీల అక్షాంశం దగ్గర సుమారు 1.3 మీటర్లకు చేరుతుంది.

ఆరు అంకెలను రాబట్టాలంటే అంకెలు పుష్కలంగా ఉన్న పుస్తకం ఒకటి కావాలి, అందులోని అంకెలు మనిషి మనిషికీ మారనివై ఉండాలి, తప్పు సమాధానానికి కూడా నమ్మదగిన ముఖం ఉండాలి. గృహనిర్మాణ నియమావళికి ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి. అమెరికాలో మూడు ప్రాంతీయ సంస్థలు కలిసి 1994లో ఏర్పరచిన ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్, ఒకటి రెండు కుటుంబాలు ఉండే ఇళ్లకోసం ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే నమూనా నియమావళిని తయారుచేసి మూడేళ్లకోసారి సవరిస్తుంది; దాని తొలి సంచిక, జియోక్యాషింగ్ లాగానే, 2000లో వచ్చింది. పేరులో అంతర్జాతీయం ఉన్నా దాని రాజ్యం ముఖ్యంగా అమెరికాయే. విద్యుత్తుకు సంబంధించిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఇంకా పాతది, 1897 నాటిది. ఇవి తమంతట తాము చట్టాలు కావు; రాష్ట్రమో కౌంటీయో పట్టణమో స్వీకరించినప్పుడే, అదీ తనకు తోచిన సవరణలతో స్వీకరించినప్పుడే, చట్టమవుతాయి.

మేస్త్రీ కానివారు, ఇంజినీరు కానివారు ఈ పుస్తకాలను చూడగలరా అన్న సందేహం సహజం, ఎందుకంటే డబ్బు పోసి కొంటే తప్ప విప్పలేని పొడుపుకథను న్యాయమైనదిగా ఆటగాళ్లు ఒప్పుకోరు. దీనికి కొంతవరకు జవాబిచ్చింది ఒక న్యాయస్థానం. టెక్సస్‌లోని ఆనా, సవోయ్ అనే చిన్న పట్టణాలు తమ చట్టంగా స్వీకరించిన నిర్మాణ నియమావళిని పీటర్ వీక్ అనే వ్యక్తి ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టగా, దానిని రాసిన సంస్థ కాపీహక్కుల కింద దావా వేసింది. చట్టమైపోయిన మాటలు ప్రజలవే అని 2002లో అయిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు వీక్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ వివాదం వేరే రూపాల్లో ఆ తరువాతా సాగింది గాని, నేడు నివాస, విద్యుత్ నియమావళులు రెండింటినీ ప్రచురణకర్తలే ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవనిస్తున్నారు. కాబట్టి పుస్తకం దొరకడం కష్టం కాదు, పుస్తకాన్ని ఎలా చదవాలో తెలియడం కష్టం. మంచి పొడుపుకథ నిలబడేది ఈ రెండో కష్టం మీదే.

పడకగది కిటికీ ఇందుకు తగిన ఉదాహరణ. అగ్నిప్రమాదం జరిగినప్పుడు తలుపు దారి మూసుకుపోతే మనిషి బయటికి దూకడానికీ, వీపున గాలి సిలిండరు తగిలించుకున్న అగ్నిమాపక సిబ్బంది లోపలికి రావడానికీ వీలుండాలని, ప్రతి పడకగదికీ తప్పించుకొనే కిటికీ ఒకటి ఉండాలని అమెరికా నియమావళి చెబుతుంది. దానికి నాలుగు కొలతలు ఉన్నాయి: తెరిచినప్పుడు ఏర్పడే ఖాళీ వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు కనీసం 24 అంగుళాలు, వైశాల్యం కనీసం 5.7 చదరపు అడుగులు, కిటికీ అడుగుగట్టు నేల నుంచి 44 అంగుళాలకు మించని ఎత్తు. తొందరపడే పాఠకుడు 20ని, 24ని పట్టుకొని ఇదే కనీస కిటికీ అనుకుంటాడు. కాని ఆ రెండిటినీ గుణిస్తే వచ్చేది 480 చదరపు అంగుళాలు, అంటే 3.33 చదరపు అడుగులు, కావలసినది 820.8 చదరపు అంగుళాలు. విడివిడిగా చూస్తే ప్రతి నియమాన్నీ పాటించినట్లే కనిపించే కిటికీ, కలిపి చూస్తే నియమావళిని దాటలేదు. పొడుపుకథ కట్టేవారికి ఇంతకన్న మంచి సందు దొరకదు.

ఇప్పుడు ప్రశ్న ఇలా ఉందనుకుందాం: పై అంతస్తులోని పడకగది కిటికీ తెరిస్తే ఖాళీ వెడల్పు సరిగ్గా 20 అంగుళాలు, పూర్తి అంగుళాల్లో చెప్పాలంటే దాని కనీస ఎత్తు ఎంత? 820.8ని 20తో భాగిస్తే 41.04. దగ్గరి పూర్ణాంకానికి కుదించే అలవాటున్నవారు 41 అని రాస్తారు, 41 అంగుళాల కిటికీ 0.8 చదరపు అంగుళం తక్కువవుతుంది, తనిఖీ అధికారి దానిని ఒప్పుకోనవసరం లేదు. సరైన సమాధానం 42. ప్రశ్నలో ‘పై అంతస్తు’ అన్న మాట అలంకారం కోసం పెట్టినది కాదు, ఎందుకంటే నేలమట్టానికి దగ్గరగా ఉన్న కిటికీకి నియమావళి 5 చదరపు అడుగులు చాలంటుంది, అప్పుడు 20 అంగుళాల వెడల్పుకు ఎత్తు సరిగ్గా 36 అంగుళాలవుతుంది. ఒకే కిటికీకి 24, 36, 41, 42 అనే నాలుగు సమాధానాలు పుట్టాయి, వాటిలో మూడు తప్పు, మూడింటికీ వాటివాటి తర్కం ఉంది.

మెట్ల లెక్క దీనికంటే లోతైనది, ఎందుకంటే అందులో కలప తెలియాలి. మెట్టు నిలువు ఎత్తును అమెరికా నియమావళి 7¾ అంగుళాలకు, అంటే 196 మిల్లీమీటర్లకు మించనివ్వదు. అడుగు పెట్టే పలక లోతు 10 అంగుళాలకు తగ్గనివ్వదు. ఒకే మెట్ల వరుసలో అన్నిటికన్న ఎత్తైన మెట్టుకూ అన్నిటికన్న పొట్టి మెట్టుకూ నడుమ తేడా 3/8 అంగుళం దాటకూడదంటుంది, ఎక్కేవారి కాలు మొదటి రెండు మెట్లకే లయను పట్టేసి తరువాతి మెట్లను చూడకుండా ఎక్కుతుంది కనుక. పొడుపుకథలో కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు ఎత్తు ఎంతో నేరుగా చెబితే మిగిలేది భాగహారమే, అందులో ఆట లేదు. నేర్పరి అయినవాడు ఎత్తు చెప్పడు, గోడను ఏ కర్రలతో కట్టారో చెబుతాడు.

అమెరికాలో సాధారణ ఇల్లు ఇటుకతో కాదు, కర్రల చట్రంతో లేస్తుంది. నేల మీద ఒక అడ్డపట్టె పరిచి, దాని మీద 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు కర్రలు నిలబెట్టి, పైన మరి రెండు అడ్డపట్టెలు ఒకదానిమీద ఒకటి వేసి మేకులు కొడతారు; ఆ గోడలమీద దూలాలు, దూలాలమీద పలకలు వస్తే పై అంతస్తు నేల సిద్ధమవుతుంది. నిలువు కర్రలను 92⅝ అంగుళాల పొడవుకు ముందే కోసి దుకాణాల్లో అమ్ముతారు. వినడానికి విడ్డూరంగా ఉన్న ఈ కొలత వెనక లెక్క ఉంది: దానికి మూడు అడ్డపట్టెల మందం కలిపితే గోడ 97⅛ అంగుళాలవుతుంది, కప్పుకు అరంగుళం జిప్సం బోర్డు కొట్టాక గోడకు 8 అడుగుల బోర్డులు బిగించడానికి కాస్త వెసులుబాటు మిగులుతుంది. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో కొత్త ఇల్లు కొనుక్కొని, జిప్సం బోర్డు వేయకముందు ఇంటి అస్థిపంజరాన్ని చూడడానికి వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఈ చట్రం కళ్లకు కట్టే ఉంటుంది.

ఇక్కడే ఉచ్చు. 2×4, 2×10 అని పిలిచే కర్రలు నిజానికి రెండంగుళాల మందం ఉండవు. ఆ అంకెలు కోత మిల్లులో పచ్చిగా కోసినప్పటివి. ఆరబెట్టి, నాలుగు వైపులా చిత్రికపట్టేసరికి 2×4 కాస్తా 1½×3½ అంగుళాలవుతుంది, 2×10 దూలం లోతు 9¼ అంగుళాలే ఉంటుంది. 1924 నాటి జాతీయ ప్రమాణంలో రెండంగుళాల కర్రకు 1⅝ అంగుళాల మందం ఉండేది, 1970లో అది 1½కి దిగింది. కనుక పొడుపుకథ ‘92⅝ అంగుళాల నిలువు కర్రలు, 2×4 అడ్డపట్టెలు మూడు, 2×10 దూలాలు, ¾ అంగుళం నేలపలక, కిందా పైనా ఒకే రకం గచ్చు, నియమావళి ఒప్పుకొనే అతి తక్కువ మెట్ల ఎత్తులు ఎన్ని?’ అని అడిగితే, చెక్కపని తెలిసినవాడు 92⅝కు 4½, 9¼, ¾ కలిపి 107⅛ అంగుళాలు తెస్తాడు; 7¾తో భాగిస్తే 13.82, కాబట్టి 14. పేర్లను కొలతలుగా నమ్మినవాడు అడ్డపట్టెలకు 6, దూలానికి 10 వేసుకొని 109⅜ అంగుళాలు తెస్తాడు, భాగిస్తే 14.11, కాబట్టి 15 అంటాడు. ఎత్తులను కాక కాలుపెట్టే పలకలను లెక్కపెట్టినవాడు 13 అంటాడు, చివరి అడుగు పై అంతస్తు నేలమీదే పడుతుంది గనుక పలకలు ఎప్పుడూ ఒకటి తక్కువ. ప్రశ్నలో ‘ఎత్తులు’ అని విడమరచి అడగకపోతే మాత్రం ఆ పొరపాటు విప్పేవాడిది కాదు, అడిగినవాడిది.

మిగిలిన రెండు అంకెలకు ఇంత శ్రమ అక్కరలేదు. నివాసపు గదుల్లో గోడ వెంబడి ఏ బిందువూ ప్లగ్గు పాయింటుకు 6 అడుగులకు మించి దూరంగా ఉండరాదని విద్యుత్ నియమావళి చెబుతుంది. దీపాల తీగలు సాధారణంగా 6 అడుగులుంటాయి, గదిలో ఎక్కడ పెట్టినా అదనపు తీగలు లాగే పని పడకూడదు. అందుచేత రెండు తలుపుల నడుమ 24 అడుగుల తెరపిలేని గోడ ఉంటే రెండు ప్లగ్గు పాయింట్లు చాలు, 25 అడుగులుంటే మూడు కావాలి, 12 అడుగులకు ఒకటి అన్న మోటు లెక్క మధ్యలో పనిచేసి అంచున బోల్తాకొడుతుంది. చివరి అంకెను టేపు మీది గుర్తు ఇస్తుంది. అమెరికాలో అమ్మే వడ్రంగి టేపుల మీద 19.2 అంగుళాలకొకటి చొప్పున చిన్న నల్ల వజ్రం గుర్తు ముద్రించి ఉంటుంది. ఏళ్ల తరబడి టేపు వాడినవారు కూడా అదేమిటో చెప్పలేకపోవడం కద్దు. 8 అడుగుల ప్లైవుడ్ పలక పొడవు 96 అంగుళాలను అయిదు సమభాగాలు చేస్తే వచ్చేదే 19.2, దూలాలను 16 అంగుళాలకు కాకుండా కాస్త ఎడంగా వేసి కలప ఆదా చేయదలచినవారికి అది దారి చూపుతుంది. పలక చివర దాకా వజ్రాలెన్ని అంటే అయిదు.

ఇప్పుడు నాలుగు సమాధానాలనూ కూర్చితే, అక్షాంశం దశాంశాలు కిటికీ 42, 24 అడుగుల గోడకు ప్లగ్గులు 2 కలిసి 422. రేఖాంశం దశాంశాలు మెట్లు 14, వజ్రాలు 5 కలిసి 145. తప్పుల ఖరీదు కూడా ఇక్కడ నేలమీద కొలిచి చూడవచ్చు. కిటికీకి 41 వేసినవాడు దాదాపు 18 మీటర్లు దక్షిణాన పొదల్లో వెతుకుతూ ఉంటాడు; నేలమట్టపు కిటికీ అనుకొని 36 వేసినవాడు 111 మీటర్లు ఎడంగా పోతాడు; 24 దగ్గరే ఆగినవాడు 333 మీటర్ల అవతల తేలతాడు. మెట్లకు 15 వేసినవాడు ఆరెగాన్ వంటి 45 డిగ్రీల చోట 13 మీటర్లు పడమరకు జరుగుతాడు, చెట్ల కింద జీపీఎస్ తడబాటుతో పోలిస్తే అది పెద్ద దూరమేమీ కాదు గనుక పెట్టె ఇక్కడే ఎక్కడో ఉందనుకొని గంటసేపు వెతికే ప్రమాదం అతనికే ఎక్కువ. ఈ బాధ తప్పించడానికి దాచేవారు సరిచూపు మొత్తం ఒకటి ఇస్తారు: అక్షాంశపు మూడంకెల మొత్తం 8, రేఖాంశపు మూడంకెల మొత్తం 10 అని చెబితే, 412 రాసినవాడికి 7 వస్తుంది, 155 రాసినవాడికి 11 వస్తుంది, ఇంట్లో కూర్చునే తప్పు తెలుసుకుంటారు. సమాధానాన్ని రాస్తే సరైనదో కాదో చెప్పే వెబ్ సాధనాలు కూడా ఉన్నాయి. దాచేవారిలో కొందరు వీటిని చిన్నతనంగా భావిస్తారు గాని, అపరిచితుల పెరట్ల చుట్టూ ఆటగాళ్లను అనవసరంగా తిప్పకుండా ఉండడానికి ఇవి అవసరమే.

నియమావళిని నమ్ముకున్న పొడుపుకథకు అసలు గండం నియమావళి నుంచే వస్తుంది. పుస్తకం మూడేళ్లకోసారి మారుతుంది, పెట్టె పదేళ్లు ఉండవచ్చు. తప్పించుకొనే కిటికీ నియమం 2021 సంచికలో 310వ సెక్షన్ కాగా, 2024 సంచికలో అధ్యాయాన్ని తిరగవేసి కూర్చడంతో అది 319కి చేరింది. సెక్షన్ సంఖ్యనే అంకెగా వాడుకున్న పొడుపుకథ ఆ రోజుతో పాడైనట్లే, కొలతను వాడుకున్నది మాత్రం నిలిచింది. చోటు మారినా చిక్కే. పెన్సిల్వేనియా రాష్ట్రం ఇళ్ల మెట్లకు 8¼ అంగుళాల ఎత్తు, 9 అంగుళాల పలక చాలని సడలింపు ఇచ్చింది. మునుపటి 107⅛ అంగుళాల ఇల్లే పెన్సిల్వేనియాలో ఉంటే 13 ఎత్తులతో సరిపెట్టవచ్చు, ఒక్కొక్కటి 8.24 అంగుళాలు, అంచుకు ఆనుకొని నియమం లోపలే ఉంటుంది. కనుక ఏ సంచిక, ఏ రాష్ట్రం అన్నది చెప్పకుండా కట్టిన పొడుపుకథ కఠినమైనది కాదు, అసంపూర్ణమైనది. కఠినత్వానికీ అసంపూర్ణతకూ తేడా తెలియకపోవడమే ఈ తరహా పొడుపుకథల్లో తరచుగా కనిపించే లోపం. నియమావళి నుంచి పది కొలతలు ఏరి, పట్టికలో వెతికి తెమ్మని పంపడం దానికి తోబుట్టువు. వెతికి తెచ్చిన అంకె మరునాటికి మరిచిపోతారు, రెండు నియమాల నడుమ సందులో చిక్కి పడి లేచినవారు మాత్రం తమ ఇంటి కిటికీకి ఒకసారి టేపు పట్టి చూస్తారు.

పుస్తకం కాకుండా కట్టడాన్నే చదివించే పద్ధతి మరొకటి ఉంది. ఆటగాడిని ఒక పాత గ్రంథాలయం ముందుకో రైల్వే స్టేషను ముందుకో పంపి, తలుపు పక్కన ఇటుక వరుసలెన్నో లెక్కపెట్టమంటారు. అమెరికా ప్రామాణిక ఇటుకలో సున్నం సిమెంటు అతుకుతో కలిపి మూడు వరుసలు 8 అంగుళాలు. మామూలు తలుపు 6 అడుగుల 8 అంగుళాలు, అంటే 80 అంగుళాలు, కనుక తలుపు పక్కన 30 వరుసలు వస్తాయి. ఈ సంగతి తెలిసినవారు నిచ్చెన లేకుండానే గోడ ఎత్తు చెప్పగలరు. భారతదేశంలోనూ ఇటువంటి లెక్కకు కావలసిన సరంజామా ఉంది. భారత ప్రమాణాల సంస్థ చెప్పే ఇటుక 19×9×9 సెంటీమీటర్లు, అతుకుతో కలిపితే 20×10×10. ఘనమీటరు గోడకు అతుకుతో సహా 500 ఇటుకలు, 2.1 మీటర్ల తలుపు పక్కన 21 వరుసలు. 1970లో తొలిసారి వచ్చి 2016లో సవరణ పొందిన జాతీయ నిర్మాణ నియమావళి ఇంటి మెట్టు ఎత్తును 190 మిల్లీమీటర్లకు, పలకను 250 మిల్లీమీటర్లకు కట్టడి చేస్తుంది, అమెరికా 196, 254లతో పోలిస్తే తేడా అతి స్వల్పం, మనిషి కాలు రెండు చోట్లా ఒకటే కనుక. తెలుగునాట మేస్త్రీలు నాలుగున్నర అంగుళాల గోడ, తొమ్మిది అంగుళాల గోడ అని ఇప్పటికీ పాత ఇటుక లెక్కలోనే మాట్లాడతారు. చిత్రంగా, 3½ అంగుళాల కర్రకు రెండు వైపులా అరంగుళం బోర్డు కొట్టిన అమెరికా లోపలి గోడ కూడా సరిగ్గా నాలుగున్నర అంగుళాలే.

అంకెలు విప్పి చోటికి చేరాక మిగిలేది పెట్టెను పట్టుకోవడం, ఇందులోనూ నిర్మాణ జ్ఞానం పనికివస్తుంది, ఈసారి జాగ్రత్త కోసం. అమెరికాలో దుకాణాల ముందు వాహనాలు నిలిపే చోట దీపస్తంభాల అడుగున బోల్టులను కప్పే లోహపు తొడుగు పైకి లేస్తుంది, దాని కింద డబ్బా దాచడం సర్వసాధారణం. అక్కడి నుంచి ఒక అడుగు ముందుకు వేసి కొందరు అయస్కాంతంతో అతికే ఉత్తుత్తి ప్లగ్గు పాయింట్లు, ఖాళీ కరెంటు పెట్టెలు గోడలకు తగిలించి వాటిలో చిట్టా పుస్తకం పెడతారు. చూడడానికి తెలివైన పనే, కాని దీని ఫలితంగా ఆటగాళ్లు అసలు కరెంటు పెట్టెల మూతలు కూడా తెరిచి చూడడానికి అలవాటు పడతారు. నిజమైన స్తంభానికి పక్కన ఉండే చిన్న మూత వెనక ప్రవాహమున్న తీగలు ఉంటాయి. ఇల్లు కట్టడం తెలిసినవారు పెట్టెకు చేరే గొట్టం లేదని, తీగ లేదని, తుప్పు పట్టవలసిన మర మెరుస్తున్నదని ఉత్తుత్తిదానిని దూరం నుంచే పోల్చుకుంటారు, తెలియనివారికి ఆ వివేచన ఉండదు. ఉత్తుత్తి కరెంటు పెట్టెను దాచే పద్ధతిగా ఎవరూ ఎంచుకోకపోవడమే మేలు. మరొక ముప్పు కూడా ఉంది: 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో ఒక జియోక్యాష్ డబ్బాను అనుమానాస్పద వస్తువుగా భావించి బాంబు నిర్వీర్య దళం పేల్చివేసింది. స్థల యజమాని అనుమతి ఉండాలని, ఆస్తిని పాడుచేయరాదని, యజమాని స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప నేల తవ్వరాదని ఆట నిర్వాహకుల నియమాలు చెబుతున్నాయి.

ప్రమాదం లేకుండా చేతిపనితనం చూపే పెట్టెలకు కొదవ లేదు. వడ్రంగి అతుకులతో చేసి, ఏ పలకను ఎటు జరిపితే తెరుచుకుంటుందో కనిపెట్టవలసిన పిట్టగూళ్లు, వరుస తప్పితే విడని గొళ్లేలు ఆ కోవలోవి. వాటిలో అందరికీ నచ్చేది నిలువుగా నిలబెట్టిన పీవీసీ గొట్టం: అడుగు మూసి ఉంటుంది, లోపల తేలే డబ్బా ఒకటి చేతికి అందని లోతులో ఉంటుంది, గొట్టానికి అక్కడక్కడ రంధ్రాలు ఉంటాయి; నీళ్లు పోస్తూ రంధ్రాలను వేళ్లతో మూసి ఉంచితే డబ్బా మెల్లగా పైకి తేలి వస్తుంది. రెండు చేతులున్న ఒక్క మనిషి అన్ని రంధ్రాలనూ మూసి నీళ్లు కూడా పోయలేడు గనుక, ఇటువంటి చోటికి ఇద్దరు ముగ్గురు కలిసి రావాలని, రెండు సీసాల నీళ్లు వెంట తెచ్చుకోవాలని దాచినవారు ముందే సూచన రాసి పెడతారు.